జేబులో తిరగని పెన్ను

మధ్యాహ్నం రెండున్నరకి పదో పెన్ను లేత్ మీద నుంచి దిగింది.

కళ్లద్దాలు తీసేసి, ఒళ్లో పడ్డ నల్లటి పొట్టు దులుపుకుని రంపం గోడ దగ్గరికి పరిగెత్తింది. గోడకి అంటించిన కాగితంలో పదో గడిలో టిక్కు పెట్టింది. ఎంత గట్టిగా పెట్టిందంటే ఆ గడి కాస్తా చిరిగింది.

రంపం ఆమె అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. పదకొండేళ్ల ఆడపిల్లకి ఎవరైనా ఆ పేరు పెడతారా? ఏదైనా పట్టుకుంటే తెగేదాకా వదలదని వాళ్లమ్మ విసుక్కుని అన్న మాట అది. అదే ఖాయమైపోయింది.

వాళ్ల నాన్న చేత్తో పెన్నులు చేస్తాడు. ఇంటి ముందు గదే వర్క్‌షాపు. అందులో ఒక లేత్, ఒక పొడవాటి బల్ల, గోడకి వరసగా ఉలులు ఉంటాయి. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని లేత్‌కి బిగించి తిప్పుతూ, ఉలితో చెక్కి గొట్టం చేస్తాడు, మూత చేస్తాడు. చివరికి గొట్టం మూతికి పాళీ ఉన్న ముక్కని బిగిస్తాడు. ఇంకు నేరుగా గొట్టంలోనే పోసుకోవాలి. కోస్తున్నంతసేపూ గదంతా కాలిన రబ్బరు వాసన వస్తుంది. ఆ వాసన పడక పిన్ని గుమ్మం బయటే నిలబడి మాట్లాడుతుంది. రంపానికి మాత్రం ఆ వాసనంటే ప్రాణం.

నెల కిందట క్లాసులో సార్ అందరికీ తలా ఒక కాగితం ఇచ్చారు.

"ఏం నేర్చుకోవాలనుకుంటున్నారో రాయండి. ఎన్ని, ఎప్పటికల్లా అన్నది కూడా ఉండాలి. ఊరికే బాగా చదువుతాను అని రాస్తే ఒప్పుకోను," అన్నారు.

రంపం తడుముకోకుండా రాసింది: నెలలో పది పెన్నులు.

నాన్న ఆ కాగితం చూసి, "పదీ పూర్తి చెయ్యి, మర కోయడం నేర్పిస్తా," అన్నాడు.

మర అంటే మూత తిప్పి బిగించడానికి గొట్టం మీద ఉండే సన్నటి చుట్లు. అప్పటిదాకా మరలు నాన్నే కోసేవాడు. మిగతాదంతా నాన్న పక్కన నిలబడి చూస్తుంటే రంపం చేసేది. మర కోయడం వచ్చిందంటే పెన్ను చేయడం వచ్చేసినట్టే. ఆ మాట విన్న దగ్గర్నుంచి పిల్లకి నిద్ర సరిగ్గా పట్టలేదు.

ఆ వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉంది. పెన్ను పూర్తయ్యాక ఇంకు పోసి, చేసినవాళ్లే తెల్ల చొక్కా జేబులో పెట్టుకుని ఒక రోజంతా తిరగాలి. ఒంటి వేడికి గొట్టంలో గాలి ఉబ్బి ఇంకుని బయటికి తోస్తుంది. ఎక్కడైనా సందుంటే అప్పుడు తెలుస్తుంది. బల్ల మీద ఉన్నంతసేపూ ఏ పెన్నయినా బుద్ధిమంతురాలే.

"పాడైతే మన చొక్కా పాడవ్వాలి. ఇంకొకళ్లది కాదు," అంటాడు నాన్న. మచ్చ లేని చొక్కా ఆయనకి ఒక్కటీ లేదు.

మొదటి ఆరు పెన్నుల్నీ రంపం అలాగే తిప్పింది. అందులో మూడు కారాయి. వాటిని మళ్లీ మొదట్నుంచీ చేసింది. స్కూలు చొక్కా పాడుచేసినందుకు అమ్మ చేత చీవాట్లు కూడా తింది. ఇంకా నాలుగు పెన్నులు మిగిలి ఉండగానే, రోజులూ నాలుగే మిగిలాయి. ఏ ఒక్కటి కారినా మళ్లీ మొదటికొస్తుంది. కారుతుందని తెలిస్తేనే కదా మళ్లీ చేయాల్సింది, తెలియకపోతే?

ఏడో పెన్ను నుంచి రంపం జేబులో పెట్టుకోవడం మానేసింది.

"జేబులో తిరిగిందా?" అని నాన్న అడిగాడు.

"ఆఁ," అంది రంపం, గోడ మీద కాగితం వైపు చూస్తూ.

నాన్న తన పనిలో పడ్డాడు. కూతురు అబద్ధం చెబుతుందన్న ఆలోచనే ఆయనకి రాలేదు.

నేర్చుకునేవాళ్లు చేసిన పెన్నులు అమ్మకూడదు, తెలిసినవాళ్లకి ఇచ్చేయాలి. ఏడోది పిన్నికి, ఎనిమిదోది పక్కింటి నర్సత్తకి, తొమ్మిదోది ఇస్త్రీ చేసే మామయ్యకి వెళ్లిపోయాయి. పదోది స్కూలు వాచ్‌మెన్ తాతకి అని రంపం ఎప్పుడో మాటిచ్చింది. ఆయన గేటు దగ్గర బల్ల ముందు కూర్చుని, వచ్చేపోయేవాళ్ల పేర్లు రిజిస్టర్‌లో రాస్తాడు. ఆయన బాల్‌పెన్ను నాలుగు గీతలు గీస్తే గానీ రాయదు.

సోమవారం పొద్దున తాత పెన్నుని రెండు చేతులతో అందుకున్నాడు.

"నిజంగా నువ్వే చేశావా?"

"మరలు నాన్న కోశాడు. మిగతాదంతా నేనే."

తాత రిజిస్టర్‌లో తన పేరు రాసి చూసుకున్నాడు. "వెన్నలా రాస్తోందమ్మా," అని మూత పెట్టి, ఖాకీ చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

రంపం ఆ జేబు వైపే చూసింది. తాతా, బల్ల మీద పెట్టుకోండి అందామనుకుంది. అంటే ఎందుకని అడుగుతాడు. ఈలోగా బెల్లు కొట్టారు.

చివరి పీరియడ్‌లో సార్ కాగితాలు బయటికి తీయించారు. పాతికమందిలో అనుకున్నది పూర్తి చేసింది రంపం ఒక్కతే. సార్ ఆమెని నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. ఆ చప్పట్లు ఆమె చెవుల్లో గేటు దాకా మోగాయి.

గేటు దగ్గర బల్ల ఖాళీగా ఉంది. తాత బనియన్‌తో కుళాయి దగ్గర కూర్చుని ఉన్నాడు. ఖాకీ చొక్కా గోడ మీద వేలాడుతోంది. దాని ఎడమ పక్కంతా నీలంగా తడిసిపోయింది. తాత ఉతుకుతున్నది చొక్కాని కాదు. అదే జేబులో ఉన్న ఒక చిన్న ఫోటో చేత్తో పట్టుకుని రుమాలు కొసతో అద్దుతున్నాడు. అద్దినప్పుడల్లా ఫోటోలోంచి ఇంకొంచెం రంగు ఊడి వస్తోంది.

"ఏమైంది తాతా?"

"ఏం లేదమ్మా. పెన్ను కాస్త కారింది." తాత తలెత్తలేదు. "మా అమ్మాయి ఇది. జ్వరమొచ్చి పోయింది. అప్పటికి దానికి నీ వయసే ఉంటుంది."

రంపం వంగి చూసింది. గళ్ల గౌను ఉంది, రెండు జడలున్నాయి. ఆ జడల మధ్య ముఖం లేదు. నీలంగా అలుక్కుపోయి ఉంది.

"ఇంట్లో ఇంకో ఫోటో ఉందా?"

"ఇదొక్కటే. స్కూల్లో తీశారు." తాత రుమాలు మడిచాడు. "నువ్వేం బాధపడకు. పెన్నన్నాక కారదా? నీ తప్పేముంది?"

ఆ మాట విని రంపం అక్కడ నిలబడలేకపోయింది.

ఇంటికొచ్చేసరికి నాన్న పనిలో ఉన్నాడు. రంపం బ్యాగు కూడా దించకుండా జరిగింది చెప్పింది. నాన్న స్విచ్చి ఆపాడు. లేత్ తిరగడం పూర్తిగా ఆగాక అడిగాడు.

"జేబులో తిప్పావా?"

"లేదు."

"అంతకుముందువి?"

"ఏడో దాని నుంచీ తిప్పలేదు."

నాన్న అరవలేదు. అరిచి ఉంటే బాగుండుననిపించింది రంపానికి. ఆయన చొక్కా మార్చుకుని, "పద," అన్నాడు.

వాళ్లు మళ్లీ స్కూలుకి వెళ్లి, తాతని అడిగి ఫోటోనీ పెన్నునీ తీసుకుని, ఫోటో స్టూడియోకి వెళ్లారు. స్టూడియో ఆయన ఫోటోని దీపం కింద పెట్టి, భూతద్దంతో చాలాసేపు చూశాడు.

"మరకైతే తీస్తాను. చిరిగితే అతికిస్తాను," అన్నాడు. "ఇక్కడ ముఖమే లేదు కదండీ. లేని ముఖాన్ని నేనెక్కడ్నుంచి తెచ్చేది?"

ఇంటికొచ్చాక నాన్న పదో పెన్ను విప్పి, గొట్టం మూతిని అద్దం ముక్క మీద నిలబెట్టి, వెనక టార్చి వేశాడు. మూతి కింద ఒక పక్క వెంట్రుకవాసి వెలుతురు కనిపించింది. ఇంకు అక్కడి నుంచే వచ్చింది.

"మిగతా మూడూ ఇంకొకళ్ల జేబుల్లో ఉన్నాయి," అన్నాడు నాన్న.

రంపం బయల్దేరింది. పిన్ని వెంటనే ఇచ్చేసింది. ఇస్త్రీ మామయ్య, "ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుంటున్నావే," అని నవ్వాడు. నర్సత్త అసలు ఒప్పుకోలేదు.

"నాది బంగారంలా రాస్తోంది. నేనివ్వను పో."

"అది జేబులో తిప్పని పెన్ను అత్తా. తిప్పానని నాన్నకి అబద్ధం చెప్పాను," అంది రంపం. నర్సత్త ఆమె ముఖం చూసి పెన్ను చేతిలో పెట్టింది.

రోజుకొకటి చొప్పున మూడింటినీ రంపం జేబులో పెట్టుకుని తిరిగింది. ఎనిమిదోది కారలేదు. మిగతా రెండూ కారాయి. గోడ మీద కాగితంలో ఏడు, తొమ్మిది, పది గడుల్లోని టిక్కుల మీద అడ్డగీత గీసింది.

తాతకి మాత్రం స్టూడియోకి వెళ్లొచ్చిన మర్నాడు పొద్దున్నే ఫోటో తిరిగిచ్చి, చెప్పేసింది. ఆయన పెన్సిల్‌తో రిజిస్టర్ రాసుకుంటున్నాడు.

"తాతా, అది నా తప్పే. పెన్నుని ముందు నా జేబులో తిప్పి చూడాలి. తొందరలో మానేశాను. మానేయడం తప్పని నాకు తెలుసు."

తాత పర్లేదు అనలేదు. పెన్సిల్ పక్కన పెట్టాడు. తర్వాత లేచి గేటు తలుపు తీశాడు.

"బెల్లు కొడతారు, వెళ్లు," అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన ఆమెతో మాట్లాడలేదు. గేటు తీస్తాడు, వేస్తాడు, అంతే. రంపం కూడా పలకరించే ధైర్యం చేయలేదు. తలొంచుకుని వెళ్లేది.

కొత్త నెలలో సార్ మళ్లీ కాగితాలు పంచారు. రంపం కాగితం చదివి కనుబొమలు ముడిచారు.

"గొట్టం మూతి చదునుగా కోయడం అని రాశావు. ఎన్ని గొట్టాలు?"

"ఎన్నని కాదు సార్. అద్దం మీద నిలబెడితే కింద వెలుతురు కనపడకూడదు."

"ఎప్పటికల్లా?"

"రోజూ గంట చేస్తాను సార్. ఎప్పటికొస్తుందో తెలీదు."

సార్ కాగితం ఇంకోసారి చదివి సంతకం పెట్టారు.

ఆ నెలలో చాలా రోజులు రంపం ఒక్క పెన్ను కూడా చేయలేదు. పనికిరాని ముక్కలు తెచ్చుకుని మూతులు కోసింది. మొదటిరోజు పదకొండు కోస్తే పదకొండింటి కిందా వెలుతురే. ఉలికి పదును చాల్లేదని నోటుబుక్కులో రాసుకుంది. ఉలి నూరడానికే నాలుగు రోజులు పట్టింది. తర్వాత, చివర్లో చెయ్యి గట్టిగా నొక్కుతున్నాను అని రాసుకుంది. బడాయి కొట్టే పిల్ల ఇంట్లో ఉలుకూ పలుకూ లేకుండా తిరుగుతుంటే అమ్మకే దిగులేసింది. మర కోయడం సంగతి రంపం అడగలేదు, నాన్నా ఎత్తలేదు.

పంతొమ్మిదో రోజు ఒక ముక్క కింద వెలుతురు రాలేదు. ఆ తర్వాత వరసగా ఐదు ముక్కలు అలాగే వచ్చేదాకా ఆగి, అప్పుడు ఒక పెన్ను చేసింది. దాన్ని వారం రోజులు జేబులో మోసింది. ఎండలో పరిగెత్తింది, మెట్లెక్కింది. చొక్కా తెల్లగానే ఉంది.

ఎనిమిదో రోజు సాయంత్రం పిల్లలంతా వెళ్లిపోయాక తాత బల్ల దగ్గరికి వెళ్లింది.

"ఇది వారం నా జేబులో తిరిగింది తాతా. అయినా మీరు జేబులో పెట్టుకోవద్దు. బల్ల మీదే ఉంచండి. నేను రోజూ వచ్చి చూస్తాను. వద్దంటే తీసుకెళ్లిపోతాను."

తాత పెన్ను వైపు చూడలేదు. సొరుగు లాగి ఒక పాత నోటుబుక్కు బయటికి తీశాడు.

"ఆ ఫోటో బాగున్నప్పుడు రోజూ చూసేవాణ్ణి. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఒకరోజు కనపడుతుంది, ఒకరోజు కనపడదు," అన్నాడు. "పేర్లయితే రాస్తాను గానీ ఇంత రాయడం నా వల్ల కాదు. నేను చెబుతా, నువ్వు రాసిపెట్టు."

రంపం కుర్చీలో కూర్చుంది. పెన్ను మూత తీసి, గొట్టం చుట్టూ తెల్ల కాగితం చుట్టి, గుప్పిట్లో పట్టుకుని కొంతసేపు ఆగింది. కాగితం విప్పి చూసింది. పొడిగా ఉంది. అప్పుడు నోటుబుక్కు మొదటి పేజీ తెరిచింది.

"చెప్పండి తాతా. తొందరేం లేదు."

తాత కళ్లు మూసుకున్నాడు.

"నవ్వితే ఎడమ బుగ్గన సొట్ట పడేది," అన్నాడు.

రంపం ఒక్కో అక్షరం గుండ్రంగా రాసింది.