రాహేలమ్మ కన్ను మూయని రాత్రి

ఆదివారం ఉదయం ఏడింటికి చర్చి బీరువా తెరిస్తే ప్రభు సంస్కారపు వెండి పాత్ర లేదు.

బీరువా తాళం పగల్లేదు. కిటికీ ఊచలు చెక్కుచెదరలేదు. చర్చి తాళంచెవీ బీరువా తాళంచెవీ ఒకే గుత్తిలో, ఎప్పటిలాగే, రాహేలమ్మ తలగడ పక్కన మేకుకి వేలాడుతున్నాయి.

అదే ఆవిడ పీకల మీదికి తెచ్చింది.

రాజోలు పక్కన ఆ ఊళ్ళో రాహేలమ్మ అంటే రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ అనేది రెండో మాట. నిద్రపట్టని మనిషి అనేది మొదటి మాట. భర్త పోయిన దగ్గర్నుంచీ నిద్ర కరువైంది. పాలలో జాజికాయ అరగదీసుకుని తాగింది. అరికాళ్ళకి కొబ్బరినూనె మర్దనా చేసుకుంది. అమలాపురం డాక్టరుగారు పగటి నిద్ర మానమన్నారు, గదిలో గడియారం తీసెయ్యమన్నారు. రెండూ చేసింది. ఆవిడకి ఒరిగిందేమీ లేదు గానీ వీధికి మాత్రం జీతం లేని కాపలా దొరికింది. ఊరెళ్ళేవాళ్ళు ఇంటి తాళాలు ఆవిడకే ఇచ్చి వెళ్ళేవారు. చర్చి తాళాలు కూడా అలా వచ్చి చేరినవే.

ఇప్పుడు ఆవిడ తన హాల్లోనే ప్లాస్టిక్ కుర్చీలో ముద్దాయిలా కూర్చుంది. ఎదురుగా ఎస్సై విజయ. గుమ్మంలో కానిస్టేబుల్ శ్రీరాములు. గోడవారన తల వంచుకుని సంఘపెద్ద ఇమ్మానుయేలు. వంటింటి దగ్గర మేనల్లుడు క్రాంతికుమార్. వాకిట్లో సగం ఊరు.

"పాత్ర ఆఖరుసారి ఎప్పుడు చూసేరండీ?" ఎస్సై అడిగింది.

"నిన్న సాయంత్రం. పళ్ళపొడి పెట్టి నేనే తోమేను. బీరువాలో పెట్టి తాళం వేసేను."

"ఇంట్లో ఇంకెవరుంటారు?"

"వీడేనండి, మా తమ్ముడి కొడుకు. ఉద్యోగం చూసుకుంటున్నాడు. ఇదివరకు ఈ హాల్లోనే పడుకునేవాడు. నాకు అలికిడి కాకూడదని పది రోజుల్నించీ మంచం వెనక వసారాలో వేసుకుంటున్నాడు, పాపం. అక్కడ దోమలు పీక్కుతింటాయి."

"రాత్రి మీరెన్నింటికి పడుకున్నారు?"

"తొమ్మిదిన్నరకి మంచం ఎక్కేను. ఒరగడమేనండి, పడుకోవడమెక్కడ? కన్ను మూతపడలేదు."

"ఒక్క కునుకైనా?"

"లేదు."

"గదిలోకి ఎవరూ రాలేదా?"

"రాలేదండి. చీమ చిటుక్కుమన్నా నాకు తెలుస్తుంది."

అన్నాక గానీ ఆవిడకి అర్థం కాలేదు. తాళంచెవులు తన దగ్గరే ఉన్నాయి. ఎవరూ రాలేదు. మరి బీరువా తెరిచిందెవరు? వాకిట్లో గుసగుసలు మొదలయ్యాయి.

ఇమ్మానుయేలు గొంతు సవరించుకున్నాడు. "ఓ కునుకు పట్టిందేమో, రాహేలమ్మగారూ? అలా చెప్పేస్తే పోదాండీ?"

"అబద్ధం ఆడమంటారా, ఇమ్మానుయేలుగారూ? అందులోనూ ప్రభువు పాత్ర విషయంలో?"

ఆయన మళ్ళీ తల దించుకున్నాడు.

"మా అత్త అబద్ధం చెప్పదండి, మేడమ్," అన్నాడు క్రాంతికుమార్. "రాత్రంతా మేలుకునే ఉంటుంది. ఊరందరికీ తెలుసు."

పిల్లాడు వెనకేసుకొచ్చాడని రాహేలమ్మకి కళ్ళు చెమర్చాయి. మరుక్షణం సంగతి తలకెక్కింది. ఆ మాటతో ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. నిజం చెబితే దొంగ. అబద్ధమాడితే బయటపడొచ్చు, కానీ రేపట్నించి ఏ మొహంతో ప్రార్థన చేస్తుంది? గేటు ముందు జీపు కనిపిస్తోంది. పిల్లలకి నీతిపాఠాలు చెప్పిన మనిషి ఆ జీపెక్కాలి.

"మేలుకుని ఏం చేస్తారండీ రాత్రంతా?" ఎస్సై గొంతులో తొందర లేదు.

"ఏముందండీ? కీర్తనలు మననం చేసుకుంటాను. చెరువుల చప్పుడు వింటాను. నాగసతీష్‌గారి రొయ్యల చెరువులు మా పెరటికి ఆనుకునే కదా. నీళ్ళు చిలికే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి."

"నిన్న రాత్రి కూడా?"

"తెల్లారేదాకా ఒకటే చప్పుడు."

"వేరే చప్పుడేదైనా?"

"ఏమీ లేదండి."

ఎస్సై ఇమ్మానుయేలు వైపు తిరిగింది. "మీ ఇల్లెక్కడండీ?"

"ఎదురిల్లేనండి."

"రాత్రి బాగా నిద్రపట్టిందా?"

"ఎక్కడండీ! ఒంటిగంటకి కరెంటు పోయింది. చెరువుగట్టు మీద డీజిల్ జనరేటర్ వేసేరు. రెండున్నర దాకా దడదడా ఒకటే మోత. పిల్లలు లేచి కూర్చుని..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఆయన రాహేలమ్మ వైపు చూశాడు. అందరూ చూశారు.

"జనరేటరా?" అంది రాహేలమ్మ. "నిన్నా? వెయ్యలేదే!"

"వేసేరండి. పెట్రోలింగ్‌లో మా జీపు కరకట్ట మీద ఉంది. అక్కడిదాకా వినబడింది," అంది ఎస్సై. "మా అమ్మమ్మా ఇంతేనండి. రాత్రంతా కన్ను మూయలేదనేది. పక్కన పడుకున్న మాకు ఆవిడ గురకతోనే తెల్లారేది. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. ఆవిడకి తెలీదంతే."

"అంటే నేను..."

"తక్కువలో తక్కువ గంటన్నర నిద్రపోయేరండి."

అది దొంగతనం నుంచి బయటపడే మాట. అయినా రాహేలమ్మకి సిగ్గేసింది, అందరి ముందూ చెంగు జారినట్టు.

"మీరు మేలుకుని ఉంటారని ఊరంతా నమ్ముతుంది," ఎస్సై లేచి నిలబడింది. "అలాంటి గదిలోకి ఏ దొంగా అడుగుపెట్టడు. మీరు నిద్రపోతారని తెలిసినవాడే పెడతాడు. ఏం క్రాంతికుమార్? ఫ్యానున్న హాలు వదిలి ఆ దోమల్లోకి మంచం ఎందుకు మార్చేవు?"

"అత్త కోసమండి."

"చెరువు మోతే నయమనిపించేంత గురకా?"

వాకిట్లో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

"మీ అత్త నిద్రపోతుందని నీకు తెలుసు. పొద్దున్నించీ ఆవిడ మెడకి ఉరితాడు బిగుసుకుంటోంది. 'మా అత్త గురకపెడుతుందండి' అని ఒక్క మాట అంటే తెగిపోయేది. అనలేదు సరికదా, మేలుకునే ఉందని సాక్ష్యం చెప్పేవు. ఎందుకు?"

వాడి కళ్ళు అత్త గది పైనున్న అటక మీదికి పోయి వచ్చాయి.

శ్రీరాములు నిచ్చెన వేశాడు. అటక మీద కురిడీ కోసం పేర్చిన కొబ్బరికాయలు. ఏడాదిదాకా వాటి జోలికి ఎవరూ వెళ్ళరు. లోపలి కొబ్బరి ఎండిపోయి, చెయ్యి తగిలితే చాలు, గలగలమంటాయి. ఆ గలగల మధ్యనుంచి తువ్వాల్లో చుట్టిన పాత్ర దిగింది. రాత్రి ఇదే గలగల తన నెత్తి మీద మోగి ఉండాలి. అదీ వినలేదు తను!

"రాజమండ్రిలో పాత వెండి కొనేవాడున్నాడత్తా," క్రాంతికుమార్ గొణిగాడు. "నిన్ను అనుమానిస్తారనుకోలేదు."

రాహేలమ్మ కుర్చీలోంచి వాడి వైపు తిరిగింది.

"నేను గురకపెడతానా?"

"గట్టిగానే, అత్తా."

"ఆ మాట నాతో ఎందుకు చెప్పలేదురా? ఇన్నేళ్ళు నిద్ర లేదని ఏడ్చేను కదరా నేను!"

ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

క్రాంతికుమార్‌ని ఎక్కించుకుని జీపు వెళ్ళిపోయాక ఇమ్మానుయేలు తాళాలగుత్తి పట్టుకుని లోపలికొచ్చాడు.

"తప్పుగా అనుకున్నామండి, క్షమించాలి. ఇవి మళ్ళీ మీ దగ్గరే ఉంచండి. మీకంటే నమ్మకస్తులు మాకెవరున్నారు?"

రాహేలమ్మ లేచి గదిలోకెళ్ళింది. గోడమేకు పీకి తెచ్చి, తాళాలతో పాటు అదీ ఆయన చేతిలోనే పెట్టింది.

"వేరే ఎవరినైనా చూసుకోండి, ఇమ్మానుయేలుగారూ. నేను నిద్రపోయే మనిషిని."