పిట్టకు చుట్టిన బనియన్

ఉదయం పదీ ఇరవైకి బొఫొక్రొమ్ ఊరి రాజుగారి వాకిట్లో గగ్గోలు పుట్టింది. రాజదండం మీది బంగారు పిట్ట మాయమైంది.

పదకొండున్నరకి దొరికింది. రాజదండాలు ఉంచే గది కిటికీ కింద, అరటి పొదలో. మగవాళ్ళు తొడుక్కునే తెల్ల బనియన్‌లో చుట్టి ఉంది. బనియన్‌కి చెమట తడి ఇంకా ఆరలేదు.

"కిటికీలోంచి విసిరాడు. జనం పల్చబడ్డాక వచ్చి తీసుకుందామనుకున్నాడు," అంది ఇన్‌స్పెక్టర్ మాన్సా.

సముద్రం వైపు మనిషి. ఈ ఊరికి బదిలీ అయి మూడు నెలలు. తెలివైనది. ఆ సంగతి ఆమెకు కాస్త ఎక్కువగానే తెలుసు.

"గది తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరే, తల్లీ."

అడుసే. డెబ్భై రెండేళ్ళు. రాజుకి నోరూ చెవీ ఆయనే. ఎవరి మాటైనా ఆయన నోటి మీదుగానే రాజుకు చేరాలి. దండం కాపాడలేనివాడికి ఆ పదవి దక్కదు. అది పోతే ఆయన ఇంటిల్లిపాదికీ తలవంపులే.

"పది నుంచి పదీ ఇరవై దాకా ఎక్కడున్నారు?"

"గుమ్మంలోనే."

"కదల్లేదా?"

ముసలాయన నేల చూశాడు. "కదల్లేదు."

గది బయట కాపలా సార్జెంట్ లాంప్టేది. తొమ్మిదేళ్ళుగా మాన్సా కింద పనిచేస్తున్నాడు, ఈ ఊరికీ ఆమెతోపాటే బదిలీ అయి వచ్చాడు.

"నువ్వేం చూశావు?"

"ముసలాయన తప్ప ఎవరూ లోపలికి పోలేదు మేడమ్." చొక్కా అతని వీపుకి అంటుకుపోయి ఉంది. "అబ్బ, ఇవాళ ఎండ చంపేస్తోంది."

మాన్సా అతని మాట విన్నది. వీపు చూసి కూడా చూడలేదు.

వాకిట్లో నలభై మంది మగవాళ్ళు. అందరూ గుడ్డ చుట్టి ఎడమ భుజం మీద వేసుకున్నారు. అడుసే ఒక్కడే రెండు భుజాలూ కప్పి, మెడదాకా బిగించుకున్నాడు.

"గుడ్డ దించండి పెద్దాయనా."

"అమ్మాయ్, నేను గుడ్డ దించేది నానా ముందు, మా రాజు ముందు. అది మర్యాద. నీ ముందు దించితే..."

"బనియన్ విప్పినవాడే దొంగ. దించండి!"

అడుసే గుడ్డ దించాడు. బనియన్ లేదు. ఎముకలు తేలిన ఛాతీ. జారిన మడతల కింద గుడ్డ మీద పెద్ద తడి మరక.

ఆడవాళ్ళు మొహం తిప్పుకున్నారు.

"ఆపుకోలేకపోయాను," అన్నాడు ముసలాయన. గొంతు వినపడీ వినపడనట్టుంది. "దొడ్డివైపు పరుగెత్తాను, అందలేదు. అది కనపడకూడదనే ఇలా చుట్టుకున్నాను. తలుపు చూస్తుండమని ఆ సార్జెంట్ బాబుకి చెప్పే వెళ్ళాను."

"కథలు చెప్పకండి. మీ ఒంటి మీద బనియన్ ఏది?"

అప్పుడు లేచింది ఆఫ్రియే. వాకిట్లో కెంకే, అంటే పులిసిన మొక్కజొన్న ముద్దలు, అమ్ముకునే మనిషి. నోటికి తాళం లేదు.

"ఏమ్మా, కళ్ళు సముద్రంలో వదిలేసి వచ్చావా? ఇందరి కుడి భుజాలు బోసిగా ఉన్నాయి, ఒక్కరికైనా బనియన్ పట్టీ కనిపించిందా? నానాకి దండం పెట్టడానికి బనియన్ తొడుక్కుని ఎవడొస్తాడు? గుడ్డ దించితే ఒళ్ళు కనపడాలి. అందరూ ఇంట్లోనే విప్పేసి వస్తారు!"

మాన్సాకి తల కొట్టేసినట్టయింది.

బనియన్ తొడుక్కుని వచ్చినవాడంటే, రాజుకి గుడ్డ దించనక్కర్లేనివాడు. చొక్కా వేసుకున్నవాడు.

మెల్లగా వెనక్కి తిరిగింది. తొమ్మిదేళ్ళలో లాంప్టే యూనిఫాం మీద చెమట మరక చూడలేదు. లోపల బనియన్ తొడుక్కుంటాడు, అదంతా పీల్చేస్తుంది. "నీకు చెమటే పట్టదా?" అని ఎన్నిసార్లు ఆటపట్టించిందో.

"సార్జెంట్. బొత్తాలు తియ్యి."

"ఇంతమందిలోనా మేడమ్?"

"పెద్దాయన విప్పింది ఇంతమందిలోనే."

మూడు బొత్తాలు చాలాయి. లోపల ఒట్టి ఒళ్ళు.

"తలుపు తీసి ఉంది," అన్నాడు లాంప్టే. "పిట్ట మెరుస్తోంది. మెరుపు కనపడకూడదని చుట్టాను. నా బుద్ధి గడ్డి తింది మేడమ్."

"కంచే చేను మేసిందన్నమాట," అంది ఆఫ్రియే.

మాన్సా స్వయంగా సంకెళ్ళు వేసింది.

"అతని బొత్తాలు పెట్టు తల్లీ," అన్నాడు అడుసే, గుడ్డ సర్దుకుంటూ. "బజారు మీదుగా తీసుకెళ్ళాలి కదా."

ఆమె పెట్టింది.

ఇక రాజుగారికి విన్నవించాలి. నేరుగా మాట్లాడకూడదు. అడుసేకే చెప్పాలి. చెప్పుల్లేకుండా ఆయన ముందు నిలబడి, పూర్తిగా చెప్పింది.

"నానాతో చెప్పండి. దొంగ నా మనిషే. నేను తప్పు చేశాను. ఏ పాపం ఎరగని పెద్దాయన చేత పదిమందిలో గుడ్డ విప్పించాను. అవమానించాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

అడుసే దండం ఎత్తి పట్టుకున్నాడు. పిట్ట మళ్ళీ దాని చోట ఉంది. రాజు వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"నానా, మనింటి ఆడపడుచు అంటోంది, దొంగ దొరికాడట."

అంతే. మిగతాదేదీ చెప్పలేదు.