ఆయన ఉప్పు మానొద్దు

"పొద్దున టాబ్లెట్ ఏసుకున్నరా?" అని అడిగింది ఆ అమ్మాయి, నా మోచేతి పైన రబ్బరు పట్టీ బిగిస్తూ.

"వేసుకున్నానండీ. ఒక్కరోజు కూడా మరిచిపోను," అన్నాను గర్వంగా.

ఆమె పట్టీ ఊడదీసింది. "అయితే ఇంటికి పొండి. రేపు రండి."

"అదేంటండీ? కాప్రా నుంచి బస్సులో నిలబడి వచ్చాను."

"కాకినాడ నుంచి నిలబడి వచ్చినా గంతే. రాత్రి టాబ్లెట్ ఏసుకున్నంక పన్నెండు గంటలకు రక్తం తియ్యాలె, పొద్దుటిది ఏసుకోకముందు. ఇప్పుడు తీస్తే లెవెల్ ఎక్కువ చూపిస్తది. డాక్టర్ పరేషాన్ అయితడు. మీకు చెప్పలేదా?"

చెప్పారు. నేనే వినలేదు. ఆ మాట ఒప్పుకోలేక, "కొంచెం మర్యాదగా చెప్పొచ్చు కదా," అన్నాను.

"రేపు మర్యాదగ చెప్తా. టాబ్లెట్ ఏసుకోకుండ రండి."

2004 అక్టోబరులో, ఏ.ఎస్. రావు నగర్‌లోని ఒక ల్యాబులో సలోమితో నా మొదటి పరిచయం అలా ముగిసింది.

నా పేరు నోవహు. ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లర్కుని. అంతకు ఏడాది ముందు నాలుగు రోజులు నిద్ర లేకుండా మా చర్చి పాటల పుస్తకంలో సగానికి కొత్త బాణీలు కట్టాను. అయిదో రోజు ఆఫీసు సర్క్యులర్‌కు కూడా బాణీ కట్టి మేనేజర్ ముందు పాడాను. ఆ తర్వాత రెండు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాను. నవ్వొచ్చేది మొదటి సగమే. డాక్టరుగారు దాన్ని బైపోలార్ అన్నారు, లిథియం రాశారు.

ఆ మాత్రలు నన్ను మళ్లీ మనుషుల్లో పడేశాయి. కాకపోతే చేతుల్లో సన్నటి వణుకు, ఎంత తాగినా తీరని దాహం అంటగట్టాయి. మందు తక్కువైతే పనిచేయదు, కాస్త ఎక్కువైతే విషం. అందుకని మూడు నెలలకోసారి రక్తపరీక్ష తప్పదు. నాకది పండగ అయిపోయింది.

"నీళ్లు మంచిగ తాగుతున్నరా?" అని అడిగేది సలోమి.

"తాగుతున్నానండీ."

"వాంతులు, విరేచనాలు గిట్ల?"

"లేవండీ."

"వణుకు ఎక్కువైందా? నడుస్తుంటే తూలుతున్నరా?"

"ఇక్కడికి వచ్చినప్పుడు కొంచెం."

"అది టెస్టుల రాదు," అనేది, సీసా మీద నా పేరు రాస్తూ.

ప్రతిసారీ మాటలు విరేచనాల దగ్గర మొదలైతే, ప్రేమ దాకా ఎలా రావాలో ఎవరైనా చెప్పండి.

ఒకసారి పంటినొప్పితో బుగ్గ వాచి వెళ్లాను. నా జేబులో నొప్పి మాత్రల స్ట్రిప్ చూసి లాక్కుంది. "ఎవరిచ్చిండ్రు ఇవి? లిథియంతోని కలిస్తే లెవెల్ పెరుగుతది. డాక్టర్‌ను అడగకుండ ఏదంటే అది మింగుతరా?" కోపంతో ముక్కు ఎర్రబడింది. నా మీద ఒకరికి అంత కోపం రావడం ఎంత హాయిగా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. చెప్పే ధైర్యం మాత్రం రాలేదు. నా జబ్బు సంగతి ఆసాంతం తెలిసిన అమ్మాయి నన్నెందుకు చేసుకుంటుంది?

అలాంటిది 2006 మార్చిలో మా అమ్మ ప్రేమమణి ఒక ఫోటో తెచ్చింది. "పాస్టరమ్మగారు ఇచ్చారు. రెజిమెంటల్ బజార్లో ఇల్లు. తండ్రి లేడు. ఏదో ల్యాబులో ఉద్యోగమట."

చూస్తే సలోమి. ఫోటో పూర్తిగా చూడకముందే సరే అన్నాను. నా ఫోటో అటు వెళ్లింది. రెండు రోజుల్లో రమ్మని కబురొచ్చింది. నాకు నిజమో కలో అర్థం కాలేదు. ఆమెది ఏ ల్యాబో అమ్మకు చెప్పలేదు, చెబితే హడలిపోయి అసలు బయల్దేరదు.

"మాత్రల సంగతి అక్కడ ఎత్తకురా," అంది అమ్మ. "పెళ్లయ్యాక నెమ్మదిగా చెబుదాం. ఈ రెండ్రోజులు మానేస్తే కప్పు కూడా వణకదు కదా?"

"మానితే పోయేది వణుకొక్కటే కాదమ్మా."

"అయితే కప్పు ముట్టుకోకు."

పెళ్లిచూపుల్లో నేనేమీ ముట్టుకోలేదు. సలోమి వాళ్లమ్మ మార్త గారు మజ్జిగ గ్లాసులు ముందు పెట్టి, "శ్రమదినాలు గద వదినా, ఈస్టర్ దాకా మా ఇంట్ల నలభై రోజులు ఉప్పు ముట్టం. మా అత్త కాలం నుంచి గంతే," అన్నారు.

సంబంధం కుదరాలన్న ఆత్రం అమ్మది. "ఎంత మంచి అలవాటండీ. మావాడూ ఇవాళ్టి నుంచే మానేస్తాడు. ఏరా?"

నేను నోరు తెరిచేలోగా లోపలి తలుపు తెరుచుకుంది. పిలవకముందే పెళ్లికూతురు వచ్చేసింది.

"ఆయన ఉప్పు మానొద్దు."

ఉన్నట్టుండి ఉప్పు తగ్గిస్తే ఒంట్లో లిథియం పేరుకుంటుంది. ఆ సంగతి ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు.

మార్త గారు కూతురి వైపు తిరిగారు. "ఆయన ఉప్పు సంగతి నీకెట్ల ఎరుక?"

సలోమి మజ్జిగ గ్లాసులు సర్దడం మొదలుపెట్టింది.

"ఎన్నాళ్ల సంది ఎరుక?"

"ఏడాదిన్నర."

"యాడ కలుస్తరు?"

"ఏ.ఎస్. రావు నగర్‌ల."

"ఏ టైముకు?"

"పొద్దుగాల, ఎనిమిదింటికి."

"ఎన్నిసార్లు?"

"ఏడు."

"లెక్క సుత పెట్టినవ్." మార్త గారు కుర్చీలో కూలబడ్డారు. "డ్యూటీ అని చెప్పి పొద్దుగాలనే పోయి చేసేది గిదా? పాస్టరమ్మకు నేనేం మొహం చూపియ్యాలె?"

అమ్మ నా వైపు చూసిన చూపుకు మజ్జిగ విరిగిపోవాలి. సలోమి తల వంచుకుని నిలబడింది. 'ఈయన మా పేషెంటు' అంటే చాలు, నింద పోతుంది. ఆమె అనలేదు. ఆ రహస్యం నాది కాబట్టి తల్లి ముందు దొంగలా నిలబడింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అమ్మ నా తొడ గిల్లింది, నోరెత్తొద్దని. నేను ఎత్తాను.

"ఆంటీ, మీరనుకునేది కాదు. నేను వాళ్ల ల్యాబుకు రక్తపరీక్షకు వెళ్తాను. నాకు బైపోలార్ ఉంది. లిథియం వేసుకుంటాను. అందుకే ఉప్పు మానొద్దంది."

రెండున్నరేళ్ల కిందటి సంగతి అంతా చెప్పాను, మేనేజర్‌కు పాడిన పాటతో సహా. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తగ్గుతదా?" అన్నారు మార్త గారు.

"మందుతో అదుపులో ఉంటుందండీ. ఇంతవరకు మళ్లీ రాలేదు. ఎప్పటికీ రాదని మాటివ్వలేను."

"మాత్రలు ఎవరు యాది చేస్తరు?"

"ఎవరూ చెయ్యక్కర్లేదండీ. వేళకు నేనే వేసుకుంటాను."

ఆమె కూతురి వైపు చూశారు. "గివన్నీ ఎరుకుండి ఫోటోకు సరే ఎట్లన్నవ్?"

"ఎరుక కాబట్టే అన్న మమ్మీ."

మార్త గారు నిట్టూర్చి మా అమ్మతో అన్నారు: "మా ఆయన బి.పి. మాత్రలు పూలకుండీల పడేసేటోడు వదినా. ఇరవై ఏండ్లు ఎంటపడి అలిసిపోయిన. గులాబీ చెట్టు మంచిగనే ఉంది, ఆయన పోయిండు. ఎవ్వరు చెప్పకుండనే మాత్ర ఏసుకునే మగోన్ని ఇయ్యాల్నే చూస్తున్న."

తర్వాత అందరినీ లేపి ప్రార్థన చేశారు. అందులో డాక్టరుగారున్నారు, ల్యాబు ఉంది, నా కిడ్నీలు కూడా ఉన్నాయి. ప్రార్థన ముగియకముందే అమ్మ గట్టిగా ఆమెన్ అనేసింది.

వియ్యపురాళ్లిద్దరూ గుమ్మం దగ్గర ఆగిపోతే, సలోమి నాతో మెట్లు దిగింది.

"ఒక్క మాట చెబితే అయిపోయేది. ఎందుకు చెప్పలేదు?"

"పేషెంట్ సంగతి బయట చెప్పొద్దు."

"మీ అమ్మగారు అన్నేసి మాటలంటున్నా?"

"అన్నా గంతే."

"మరి మీ మనసులో సంగతి?"

"అది నాది. ఎవరికైనా చెప్పుకోవచ్చు."

"అయితే నాకు చెప్పండి."

చెప్పింది. కాకపోతే ల్యాబులో పేర్లు పిలిచే గొంతుతో చెప్పింది. మెట్ల కింద ఇస్త్రీ చేస్తున్న పెద్దాయన పెట్టె పక్కన పెట్టి తలెత్తాడు. పైన తల్లులిద్దరూ మాటలు ఆపేశారు. నేనూ అంతే గట్టిగా జవాబు చెప్పాను.