తాడు దాటిన గైడు

"మంత్రి లెవూకా దాటడు. అక్కడే చంపుతారు. ఎవరో తెలీదు, ఎలాగో తెలీదు," అన్నాడు సువా ఆఫీసులో చీఫ్ రామ్ ప్రసాద్, ఏజెంట్ సత్యేంద్రతో. "నీది గైడు వేషం. తిప్పి, ప్రాణంతో తీసుకురా."

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన నాలుగో ఏడు. చక్కెర ఒప్పందానికి వచ్చిన విదేశీ మంత్రికి పాత రాజధాని లెవూకాలో బొమ్మలూ పాటలూ నడిచి చూడాలని ముచ్చట. ఆయన చస్తే ఒప్పందం పోతుంది, ఇక్కడి పెనాంగ్ మిల్లుకి చెరకు నరికే సత్యేంద్ర చుట్టాల పొయ్యిలో పిల్లి పడుకుంటుంది. చంపాలని చూసేది ఒక విదేశీ ముఠా. అందులో మన మనిషి కామిని, హోటల్ సింగరు, డబుల్ ఏజెంట్. ఆమె మనకెంతో, వాళ్లకెంతో చీఫ్‌కే లెక్క తేలలేదు.

పూల చొక్కా, గడ్డి టోపీ, కెమెరా దాచిన లైటరు. సత్యేంద్ర మంత్రిని చెక్క దుకాణాల బీచ్ వీధి వెంట నడిపించాడు. ఒకచోట ఆడవాళ్లు మాసి అనే బెరడు బట్ట మీద నల్లరంగు అద్దకాలు వేస్తున్నారు. ఇంకో వరండాలో గిటార్లు. మంత్రి తాళం వేశాడు, లైటరు క్లిక్‌మంది. అనుమానించదగ్గ మొహం ఒక్కటీ పడలేదు.

కామిని పక్కనే నడిచింది. నాయనమ్మల దగ్గర మిగిలిన ముక్కల తెలుగే వాళ్లిద్దరి రహస్య భాష.

"బావా, చెరుకుతోటలో దిష్టిబొమ్మలాగున్నావు."

"పిట్టల్ని కాసేది అదే కదా."

నడక ముగిసేది సేరు తాత ఇంట్లో. సత్యేంద్ర లెవూకాలో చదువుకునే రోజుల్లో అన్నం పెట్టి, గిటారు నేర్పిన ముసలాయన. ఆ ఇంటిని ఎరగా పెడుతున్నానని సత్యేంద్ర ఆయనకు చెప్పలేదు. గూట్లో ఉన్న, అతిథులకు పానీయం పోసే ముత్తాతల కాలపు కొబ్బరి చిప్పను కామిని చూస్తానంటే, "మన మనిషే, ఇయ్యి తాతా," అన్నదీ అతనే. ఆమె దాన్ని రుమాలుతో ముద్దుగా తుడిచి ఇచ్చింది.

యంగోనా అనే వేరు పానీయం కలిపారు. చెక్క గిన్నె నుంచి అతిథి వైపు తాడు పరిచారు. అది దాటితే ఆ ఇంటి పెద్దల్ని తొక్కినట్టే. చిప్ప ముందు మంత్రికి, తర్వాత అదే చిప్పతో ఆయన తరఫున మాట్లాడే సత్యేంద్రకు.

వెనక పాటగాళ్ల చాప మీంచి కామిని వంగింది. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

"నీ వంతుకి తాగకు బావా. కడుపు బాగోలేదని చెప్పు."

రుమాలు!

మంత్రి ఆచారం ప్రకారం ఒకసారి చప్పట్లు కొట్టి చిప్ప పెదవులకెత్తాడు. సత్యేంద్ర ఒక్క దూకు దూకాడు. తాడు కాలికింద నలిగింది, చిప్ప స్తంభానికి కొట్టుకుని రెండు చెక్కలైంది. ఒలికిన చోట చీమలు కదలడం మానేశాయి. వాటిని చూసింది అతనొక్కడే. మిగతా అందరూ చూసింది సేరు తాత మొహం.

గైడు తాగొచ్చాడన్నారు. అవునన్నాడు.

రేవులో కామినిని పట్టుకుని సువా లాంచీ ఎక్కిస్తుంటే ఆమె అడిగింది ఒక్కటే. "నిన్ను బతకమన్నందుకా బావా?"

సాయంత్రం సత్యేంద్ర, క్షమాపణకి ఇచ్చే తిమింగలం పన్ను పట్టుకుని సేరు ముందు మోకరిల్లాడు. ఎందుకు దూకాడో చెప్పే హక్కు లేదు. ముసలాయన పన్ను అందుకున్నాడు. ఆచారం ప్రకారం తప్పు అక్కడితో చెల్లిపోయింది. ఆయన గిటారు తెచ్చి సత్యేంద్ర ఒళ్లో పెట్టాడు. చేతులు తీగల మీదికి పోలేదు. గూట్లో రెండు చెక్కలూ పక్కపక్కన ఉన్నాయి.

వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు ఉత్సాహంగా ఉంది. "శభాష్. మన వైపు నష్టం?"

"ఒక కొబ్బరి చిప్ప సార్."

"అంతేనా?"

"అంతే అని రాసుకోండి."