పావురం దిగాల్సిన చోటు

గుడివాడ బస్టాండు ఎదుట జిరాక్స్ షాపు వెనక గదిలో చీఫ్ ఉమామహేశ్వరరావు ఫైలు మూశాడు.

"రేపు ఉదయం ఆరు ఇరవైకి లాంచ్. ముప్పై ఆరు ఇంటర్నెట్ శాటిలైట్లు. వాటిని పైకి పంపాక రాకెట్ కింది భాగం, బూస్టర్, తిరిగొచ్చి సముద్రంలో బార్జి పడవ మీద నిలువుగా దిగాలి. దాని కోడ్ నేమ్ పావురం."

"దిగనివ్వనిది ఎవరు సార్?"

"విదేశీ ముఠా. దొంగ సిగ్నల్‌తో బూస్టర్‌ని ఒడ్డుకి మళ్లిస్తారు. పాలకాయతిప్ప బీచ్‌లో చూడ్డానికొచ్చిన వేలమంది ఉంటారు."

ఏజెంట్ కార్తికేయ కుర్చీలోంచి లేచాడు. మచిలీపట్నంలో వాళ్లమ్మ త్రిపురసుందరి కాలనీ ఆడవాళ్లతో కలిసి వ్యాను మాట్లాడుకుంది ఆ బీచ్‌కే.

"లాంచ్ ఆపించండి."

"రుజువు తే, ఆపిస్తాను. ముఠాలో మన మనిషి సింధూర ఉంది. కోడూరు నుంచి గట్టు వెంట నడిచొచ్చి చెరువుల దగ్గర కలుస్తుంది. 'డీవో ఎంత?' అని అడుగు. 'నాలుగున్నర' అంటుంది."

డీవో అంటే చెరువు నీటిలో ఆక్సిజన్ లెక్క. కార్తికేయ వేషం రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే టెక్నీషియన్. వాళ్లమ్మకి తెలిసిన ఉద్యోగమూ అదే.

తెల్లవారుతుండగా కోడూరు దాటి చెరువుల మధ్యకి చేరాడు. ప్రతి చెరువులోనూ రొయ్యలకి గాలందించే ఏరియేటర్ ఫ్యాన్లు నీటిని చిలుకుతూ హోరెత్తిస్తున్నాయి. ఒక మేడ పక్కనున్న మోటార్ షెడ్డు దగ్గర సింధూర నిలబడి ఉంది. పెడన కలంకారీ చీర, నల్ల కళ్లద్దాలు, నవ్వు.

"డీవో ఎంత?"

"నాలుగున్నర. లోపలికి రండి."

లోపల ఇద్దరు అతని చేతులు వెనక్కి విరిచి కట్టేశాక గుర్తొచ్చింది. ఆమె కుచ్చిళ్లకి బురద లేదు. రోడ్డు మీంచి గట్టు వెంట నడిచొచ్చిన మనిషి కాదు. ఇక్కడే, ఆ పక్క మేడలోనే, ముఠాతోనే కాపురం.

"సారీ అండీ. మీ జీతం కంటే వాళ్ల మర్యాద బాగుంది," అంది సింధూర. "యాంటెన్నా మేడ మీదుంది. బ్యాటరీతో నడుస్తుంది. ఈ స్విచ్చులతో కాలక్షేపం చేయండి."

ఇనప తలుపు పడింది. తాళం.

ఆరు ఇరవై. వాచీలోని ట్రాన్స్‌మీటర్‌ని ముఠా పెట్టిన జామర్ నొక్కేసింది. కిటికీ లేదు. అరిచాడు. ఏరియేటర్ల హోరు అతని కేకని అక్కడికక్కడే మింగేసింది. తలుపుని భుజంతో గుద్దితే భుజమే పోయింది. రేకుల కప్పు కింద చెమట కళ్లలోకి కారుతోంది. పావురం తొమ్మిది నిమిషాల్లో తిరిగొస్తుంది. అమ్మ ఈపాటికి ఇసకలో దుప్పటి పరిచి ఉంటుంది.

గోడ మీద వరసగా, చుట్టుపక్కల చెరువులన్నిటి ఏరియేటర్లకీ పద్నాలుగు స్టార్టర్లు. ఒక్కోదానికి ఎర్ర బటన్.

ఈ హోరులో హాయిగా నిద్రపోయే ఊరది. ఆగితేనే లేస్తుంది.

గడ్డంతో మొదటి బటన్ నొక్కాడు. తర్వాత రెండోది. పద్నాలుగోది నొక్కేసరికి పెదవి చిట్లింది. బయట నిశ్శబ్దం చెవులు నొప్పెట్టేలా పరుచుకుంది.

నిమిషంలో మోటార్ సైకిళ్లు, కేకలు.

"ఎవడ్రా ఫ్యాన్లు ఆపింది? రొయ్య తేలిపోద్ది!" అది పక్క చెరువుల వీరలక్ష్మి గొంతు.

"తాళం కనబడట్లేదు వీరలక్ష్మిగారూ, పది నిమిషాలాగండి," అంటోంది సింధూర.

"పది నిమిషాలా? ఆర్నెల్లు చెరువు చేసి నేర్చుకున్నది ఇదా అమ్మా? నీ ముక్కు పది నిమిషాలు మూస్తాను, ఆగుతావా? గోపీ, గునపం అందుకో!"

సింధూర చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లింది. చుట్టూ యాభై మంది రైతులు. పిస్తోలులో తూటాలు ఆరే. చెయ్యి ఖాళీగానే బయటికొచ్చింది.

తాళం ఎగిరిపడింది.

"నువ్వేనా ఆపింది?" వీరలక్ష్మి గునపం ఎత్తింది.

"నేనే అక్కా. తర్వాత కొట్టు, ముందు కట్లు విప్పు. మేడ మీద యాంటెన్నా తియ్యకపోతే బీచ్‌లో జనం మీద రాకెట్ పడుతుంది."

వీరలక్ష్మి అతని నెత్తుటి పెదవి చూసింది, తాడు చూసింది. వలలు కోసే కత్తితో కట్లు తెంపి, తను స్టార్టర్ల మీదకి ఉరికింది.

కార్తికేయ మూడేసి మెట్లు ఎక్కాడు. ఆకాశంలో నిప్పు చుక్క ఒడ్డు వైపు వాలుతోంది. కేబుల్ ఊడబెరికాడు. నాలుగు సెకన్లు. చుక్క తడబడింది, ఒరిగింది, మళ్లీ సముద్రం మీదకి తిరిగి బార్జి మీద నిలబడింది.

కింద సింధూర గట్టు మీద పరిగెత్తబోయి చెరువులో పడింది. కుచ్చిళ్లకి బురద అంటింది. ఆమె మనుషులిద్దర్నీ రైతులు అప్పటికే వలలో చుట్టేశారు.

కార్తికేయ యాంటెన్నా పక్కనున్న జామర్ కూడా ఆపగానే జేబులో ఫోన్ మోగింది. అమ్మ.

"చూశావుట్రా? అంత దూరం వెళ్లిన రాకెట్ చెప్పిన చోటికి, చెప్పిన టైముకి వచ్చి దిగింది. నువ్వు ఆదివారం భోజనానికైనా అలా రాగలవా?"