అవ్వ చదివిన నోట్సు

“సార్, మీరు రాసిచ్చిన నోట్సు మా అవ్వ చదివేసింది. మిమ్మల్ని ఇంటికి పిలుచుకొని రమ్మనింది.”

కవిప్రియ మామూలుగానే అంది. ఉదయకుమార్ చేతిలో సుద్దముక్క మాత్రం రెండు ముక్కలైంది.

“అవ్వా? నేనిచ్చింది మీకు కదా!”

“నాకు తెలుగు చదవను రాదే సార్! మాట్లాడేది తెలుగే గాని, స్కూల్లో చదివింది తమిళం. ఇంట్లో తెలుగు అక్షరాలు తెలిసింది అవ్వకి మాత్రమే. ఆమె పుట్టిల్లు గూడూరు.”

ఉదయకుమార్ నెల్లూరు నుంచి ఈ తమిళ ఊరికి వచ్చి ఆరు నెలలుగా లాస్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతున్నాడు. తెలుగు మాట్లాడే పిల్లకు తెలుగు చదవడం రాదన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టనే లేదు.

ఒకేలా వినిపించే ఇంగ్లీషు మాటలంటే కవిప్రియకు హడల్. అడ్వైస్ అంటే సలహా, అడ్వైజ్ అంటే సలహా ఇవ్వడం. లూస్ అంటే వదులు, లూజ్ అంటే పోగొట్టుకోవడం. ఎన్నిసార్లు చెప్పినా తారుమారు చేసి, తనే ముందు నవ్వేసేది. ఆ నవ్వుకే మాస్టారు పడిపోయాడు. ఆమె ఉద్యోగం ఇంటర్వ్యూకి పనికొస్తాయని రెండు పేజీల నిండా అలాంటి మాటలకు తెలుగు అర్థాలు రాశాడు. మూడో పేజీలో తన మనసు రాశాడు. భయంతో కింద పేరు మాత్రం పెట్టలేదు.

“అవ్వ ఏమంది?” అని అడిగాడు.

“రెండు పేజీలు గట్టిగా చదివింది. మూడోది లోపల్లోపలే చదువుకొని కొంగున ముడేసుకునింది. ‘ఏంది అవ్వా అది?’ అంటే, సార్నే అడుగుదాం అనింది. అంత కష్టమైన మాటలా సార్ అవి?”

“చాలా కష్టమైనవి,” అన్నాడు ఉదయకుమార్.

కవిప్రియ వాళ్ళుండే తట్టాంచావడి చేరేసరికి జల్లు మొదలైంది. ముందు ఇనుము చెక్కే లేత్ మిషను షాపు, వెనక ఇల్లు. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది, ఈ పిల్ల మళ్ళీ మొహం చూడకపోతేనో? అదే అతని భయం. సరిగ్గా అప్పుడే ఆమె తండ్రి నటేశన్ ఇనుప కడ్డీ పట్టుకుని ఎదురొచ్చాడు. ఉదయకుమార్ అడుగు వెనక్కి పడింది.

“రండి సార్. అమ్మ లోపలుండాది,” అంటూ నటేశన్ ఆ కడ్డీని లేత్‌కి బిగించుకున్నాడు.

లోపల కనకం అవ్వ కొంగు ముడి విప్పింది. “ఎవరు రాసింది నాయనా ఇది? పేరు లేదే?”

ఇంకెవరో రాసి అందులో కలిపారంటే తప్పించుకోవచ్చు. కవిప్రియ అతన్నే చూస్తోంది.

“నేనే అవ్వా.”

“అయితే చదువు. నా మనవరాలికి వినపడేట్టు.”

ఉదయకుమార్ కాగితం అందుకుని చదివాడు. “కవిప్రియా, నువ్వు తప్పుగా పలికిన మాటలు కూడా నాకు తీయగానే ఉంటాయి. నువ్వంటే నాకు ప్రేమ. నీకు నేర్పడానికి ఇంకేమీ మిగలని రోజు వస్తుందేమోనని భయంగా ఉంది...”

బయట లేత్ చప్పుడు ఆగిపోయింది. ఉదయకుమార్ చదవడం ఆపి గుమ్మం వైపు చూశాడు.

“తెలుగులో రాసిన జాబు చూసి యాభై ఏళ్ళయింది,” అంది అవ్వ కళ్ళు తుడుచుకుంటూ. “నటేశా, వింటివా?”

“వింటినమ్మా,” అన్నాడు నటేశన్ గుమ్మంలోంచి. “నన్నెందుకు అడిగేది? పాపని అడుగు.”

కవిప్రియ కాగితం అందుకుంది. “దీంట్లో నా పేరు యాడుండాది సార్?”

వేలు పెట్టి చూపించాడు.

“మీ పేరు?”

“రాయలేదు. భయమేసింది.”

అతని జేబులోంచి ఎర్ర పెన్ను తీసి చేతిలో పెట్టింది. “ఇప్పుడు రాయండి. నా పేరు పక్కనే.”

రాశాడు. కవిప్రియ రెండు పేర్ల మీదా మెల్లగా వేలు పోనిచ్చింది. తర్వాత తలెత్తి, అతన్ని పడేసిన ఆ నవ్వే నవ్వింది.

“రేపట్నుంచి నాకు తెలుగు నేర్పించండి సార్. ఈ పేజీ నేనే చదవాల. బాగా నిదానంగా నేర్చుకుంటా.”