బ్యారన్‌లో తొమ్మిదింటి చర్చ

పొదిలి రోడ్డు మీద మా ఊరు ఇంకో రెండు కిలోమీటర్లు ఉందనగా ఎడమ పక్కన ఒక పాత పొగాకు బ్యారన్ కనిపిస్తుంది. కిటికీల్లేని ఎత్తయిన గది, పైన తుప్పుపట్టిన రేకులు. లోపల నేల దగ్గర్నుంచి కప్పు దాకా వరసలు వరసలుగా వాసాలు. పచ్చాకు కట్టిన కర్రల్ని ఆ వాసాల మీద వేలాడదీసి, కింద మంట పెట్టి రాత్రింబవళ్లు ఆరబెట్టేవాళ్లు.

పన్నెండేళ్ల కిందట ఆ బ్యారన్‌లోనే బాబ్జీ పోయాడు. అక్కడ మంట చూసుకునే మనిషి. పై వాసాల మీద నుంచి కర్రలు దించుతూ జారిపడ్డాడు. మళ్లీ అందులో మంట పెట్టలేదు. చీకటి పడితే ఆ పక్కన ఎవరూ ఆగరు. బండి చెడిపోయినా తోసుకుంటూ పోతారు గానీ, అక్కడ నిలబడి మెకానిక్కుకి ఫోన్ చెయ్యరు.

ఆ బ్యారన్‌లో ఈ మధ్య జరిగిన సంగతి నాకు మా రామాంజనేయులు మామయ్య చెప్పాడు. ఇరవై తొమ్మిదేళ్లు పోలీసు నిఘా విభాగంలో పనిచేసి, హెడ్ కానిస్టేబులుగా రిటైరైన మనిషి. ఆయన మనుషుల్నే నమ్మేవాడు కాదు, ఇంక దెయ్యాల్నేం నమ్ముతాడు.

ఆయన నమ్మింది ఒక్కటే — తనకు రావాల్సిన పేరు సంజీవరావు కొట్టేశాడని.

సంజీవరావు ఒకప్పుడు మామయ్యకి పై ఆఫీసరు. పక్కూరాయన. డీఎస్పీగా రిటైరయ్యాక రాత్రి తొమ్మిది గంటల టీవీ చర్చల్లో పేరు కింద ‘జాతీయ భద్రతా నిపుణులు’ అన్న పట్టీ వేయించుకుని కూర్చునేవాడు. సరిహద్దులో డ్రోన్లు, సముద్రంలో ఓడలు, ఏ దేశం ఏ దేశాన్ని ఎందుకు బెదిరిస్తోంది... అన్నీ చెప్పేవాడు. చెప్పి చెప్పి చివరికి ఆ కథ దగ్గరికి వచ్చేవాడు.

ఆ కథ ఇది. పదమూడేళ్ల కిందట పిడుగురాళ్ల వైపు ఒక క్వారీలో పేలుడు పదార్థాలు మాయమయ్యాయి. వాటిని పొగాకు బేళ్ల కింద దాచి లారీలో దాటించబోతుంటే మా దగ్గరే పట్టుకున్నారు. ఆకు కొనేవాళ్లలా వచ్చిన ఇద్దరు దొరికారు. అసలు అనుమానం ఎలా వచ్చిందండీ అని యాంకరు అడగడం, సంజీవరావు కళ్లజోడు సర్దుకోవడం, “ఆకు ముట్టుకోకుండా బేరమాడేవాడు వ్యాపారి కాదు” అనడం. ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు.

మాట మాత్రం నిజం. పొగాకు కొనేవాడు ముందు ఆకుని వేళ్ల మధ్య నలుపుతాడు, వాసన చూస్తాడు. ఆ ఇద్దరూ మాత్రం లారీలో ఎన్ని బేళ్లు పడతాయని అడిగారు.

“ఆ మాట నాదిరా,” అనేవాడు మామయ్య. “రిపోర్టు రాసింది నేను. కింద సంతకం పెట్టి పంపింది ఆయన. పతకం ఆయనకి... నాకు ఒక టీ.”

అత్తయ్య సుబ్బరావమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని ఆ చర్చలు చూసేది. “ఎంత వివరంగా చెబుతాడండీ ఆయన,” అనేది. ఇంక ఆ పూట మామయ్యకి అన్నం సహించేది కాదు. పెళ్లాం పొగిడిన మగవాడు పక్కింటివాడైతే మొగుళ్లు భరిస్తారేమో గానీ, పాత ఆఫీసరైతే భరించలేరు.

పోయినేడాది ఆఖర్లో సంజీవరావు టీవీలో కనిపించడం మానేశాడు. ఆ పట్టీ వెనక ఇప్పుడొక కుర్ర నిపుణుడు కూర్చున్నాడు, హైదరాబాదు నుంచి. మామయ్య రెండు రోజులు సంతోషంగా ఉన్నాడు. మూడో రోజు నుంచి కొత్త బాధ పట్టుకుంది. టీవీలో లేకపోతే ఆ మనిషి రాత్రి తొమ్మిదింటికి ఏం చేస్తున్నట్టు?

అసూయపడేవాడికి అవతలివాడి దినచర్య కంఠతా వస్తుంది. రోజూ తొమ్మిదికి పది నిమిషాల ముందు సంజీవరావు స్కూటరు బయటికి తీస్తున్నాడని, పదిన్నరకి గానీ ఇల్లు చేరడం లేదని మామయ్య వారంలో కనిపెట్టాడు. ఎక్కడికి వెళ్తున్నాడో మాత్రం తెలియలేదు.

అది జమీలా నోట తెలిసింది.

జమీలా మిరపకోతలకి కూలీల్ని తీసుకెళ్లే మేస్త్రి. ఒక రాత్రి ఆలస్యమై, ఆటో సరిగ్గా బ్యారన్ ముందు పంక్చరైందట. “లోపల ఇద్దరు మాట్లాడుకుంటున్నారన్నా,” అని మామయ్యకి గుసగుసగా చెప్పింది. “ఒకళ్లు కింద నుంచి... ఒకళ్లు పైనుంచి. కింద గొంతు పెద్దగా చెబుతోంది. పై గొంతు మెల్లగా అడుగుతోంది.”

“పైన ఏముంటుంది, రేకులు తప్ప?” అన్నాడు మామయ్య.

“నాకేం తెలుసన్నా. పైనుంచే వచ్చింది.”

భయపడిన సాక్షి చెప్పినదాంట్లో సగం తీసేయాలన్నది ఆయన ఉద్యోగంలో నేర్చుకున్న పాఠం. ‘పైనుంచి’ అన్నది తీసేశాడు. ‘ఇద్దరు’ అన్నది ఉంచుకున్నాడు. ఆ బ్యారన్ సంజీవరావు అన్నగారిదేనని కలుపుకున్నాడు. అంతే, ఆ రాత్రి నిద్రపట్టలేదు.

నిఘా విభాగంలో పనిచేసిన ఆఫీసరు. దెయ్యం పేరుతో జనం దగ్గరికి రాని చోటు. రోజూ ఒకే వేళకి, చీకట్లో, ఎవరికో ఏదో చెబుతున్నాడు. అంటే... డిపార్టుమెంటు రహస్యాలు అమ్ముతున్నాడా?

“ఆ ఆలోచన రాగానే భయం వెయ్యలేదురా,” అన్నాడు మామయ్య నాతో. “సంతోషం వేసింది. దేశానికేమైనా గానీ, వాడు దొంగ అయితే చాలనుకున్నాను. నేనే పట్టించాలనుకున్నాను. అదీ నా బుద్ధి.”

మొదటి రాత్రి మోపెడ్‌ని పత్తి చేలో తుమ్మచెట్టు కింద పడుకోబెట్టి, గట్టు పక్కన కూర్చున్నాడు. తొమ్మిది దాటి అయిదు నిమిషాలు. గొంతులు రెండు. చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. కింద గొంతు సంజీవరావుదే, అనుమానం లేదు. రెండోది ఎవరిదో అందలేదు. మగ గొంతు, మెత్తగా, అలిసిపోయినట్టు.

రెండో రాత్రి కూడా అంతే. లోపలికి వెళ్లినవాడు ఒక్కడు. బయటికి వచ్చినవాడు ఒక్కడు. రెండోవాడు మాత్రం... వచ్చిందీ లేదు, పోయిందీ లేదు.

మూడో రాత్రి గోడకి చెవి ఆనించి నిలబడ్డాడు. ఫోనులో రికార్డింగు పెట్టుకున్నాడు. ఊళ్లోవాళ్ల వాట్సాప్ గ్రూపు ముందే తెరిచి ఉంచాడు. ఒక్క నొక్కు నొక్కితే చాలు.

లోపల సంజీవరావు అంటున్నాడు: “రేపటి యుద్ధం సరిహద్దులో మొదలవదు. మన జేబులో ఫోను నుంచి మొదలవుతుంది. అయినా ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. ఆకాశంలో ఉపగ్రహం లారీని చూస్తుంది. లారీలో ఏముందో చెప్పేది కింద ఉన్న మనిషే...”

తర్వాత ఆ రెండో గొంతు వినిపించింది.

“కింద ఉన్న మనిషంటే... ఎవరు సార్?”

మామయ్య ఒళ్లు జలదరించింది. భయంతో కాదట, ఆశతో. దాని జవాబు తన పేరే కదా. సంజీవరావు నోటి నుంచి ఒక్కసారి తన పేరు వినాలని పదమూడేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. చెవి గోడకి ఇంకా అదిమాడు.

సంజీవరావు గొంతు సర్దుకున్నాడు. “అది... నా అనుభవం. ఆకు ముట్టుకోకుండా బేరమాడేవాడు—”

ఇంక ఆగలేకపోయాడు మామయ్య. తలుపు తోసి టార్చి వేశాడు.

లోపల ఒక ప్లాస్టిక్ కుర్చీ. దాంట్లో సంజీవరావు. పైన కోటు, టై. కింద లుంగీ. ఎదురుగా స్టాండుకి ఫోను. ఆ ఫోను తెర నల్లగా ఉంది. వెలగడం లేదు, ఎవరికీ కాల్ కలిసి లేదు. రెండోవాడు ఎక్కడా లేడు.

“ఎవరితో మాట్లాడుతున్నారు సార్?” అన్నాడు మామయ్య.

సంజీవరావు టార్చి వెలుగుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. “వచ్చావా రామాంజనేయులూ. ఎప్పటికైనా లోపలికి వస్తావనుకున్నాలే.”

“ఎవరితోనని అడుగుతున్నాను.”

“ఎవరితో మాట్లాడతాను? ఇంట్లో మిక్సీలు, కుక్కర్లు. ఇక్కడైతే గోడలు మందం, శబ్దం రాదని చర్చలకి ఇక్కడే కూర్చునేవాణ్ణి. ఛానెలువాళ్లు పిలవడం మానేశారు. ఆ కుర్రాడు వచ్చాడుగా. నిన్న నా మాటే వాడి మాటగా చెప్పాడట, తెలిసిందా?” సంజీవరావు టై వదులు చేసుకున్నాడు. “ఒళ్లు మండిపోతుందయ్యా. నీకు తెలియదు ఆ మంట.”

మామయ్యకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తనకి తెలియదట.

ఫోను జేబులో పెట్టేశాడు. పంపడానికి అందులో ఏముంది? ఇన్నేళ్లు ఎవణ్ణి చూసి కుళ్లిపోయాడో, వాడు లుంగీ మీద కోటు వేసుకుని చీకటికి చెప్పుకుంటున్నాడు. అయినా కడుపులో మంట చల్లారలేదట.

“ఒక్కటి చెప్పండి సార్,” అన్నాడు. “జవాబులు మీవి. మరి ప్రశ్నలూ మీరే గొంతు మార్చి అడుక్కుంటున్నారా?”

సంజీవరావు ఆయన వంక వింతగా చూశాడు.

“ప్రశ్నలు అడిగేది నువ్వు కాదూ?”

“నేనా?”

“మొన్న చేలో నీ మోపెడ్ చూశాను. ఇన్నాళ్లూ కక్షకొద్దీ బయట నిలబడి అడుగుతున్నది నువ్వేననుకున్నాను. పోనీలే... అడిగేవాడు ఒకడున్నాడు కదా అని, రెండు నెలలుగా రోజూ వస్తున్నాను.”

మామయ్య టార్చి దించాడు. “నేను మూడు రోజుల నుంచే వస్తున్నాను సార్.”

బయట కీచురాళ్లు ఆగిపోయాయి.

అప్పుడు పైనుంచి... ఎత్తున, ఆఖరి వాసం దగ్గర్నుంచి... కర్ర కిర్రుమంది. ఇద్దరి మీదా సన్నగా ఆకుపొడి రాలింది. పన్నెండేళ్లుగా ఆకు ఎక్కని బ్యారన్‌లో.

“ఆ మాట... మీకు ముందు చెప్పిందెవరు సార్?”

మెత్తటి గొంతు. అలిసిపోయిన గొంతు. ఈసారి మామయ్య గుర్తుపట్టాడు.

పదమూడేళ్ల కిందట ఇదే గుమ్మంలో, తుండుతో చెమట తుడుచుకుంటూ బాబ్జీ అన్న మాట అది. ఆకు ముట్టుకోకుండా బేరమాడుతున్నారు సార్, వాళ్లు వ్యాపారులు కాదు. విని వెళ్లి మామయ్య రిపోర్టు రాశాడు. పేరు రాయకూడదు గనక ‘నమ్మకమైన మనిషి ద్వారా తెలిసింది’ అని రాశాడు. సమాచారం ఇచ్చినవాడి పేరు ఎక్కడా బయటపెట్టకూడదన్నది వాళ్ల రూలు. రూలు మంచిదే. బతికున్నప్పుడు బాబ్జీ ప్రాణానికి అదే కాపలా. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ నమ్మకమైన మనిషిని తానేనని మామయ్య అనుకోవడం మొదలుపెట్టాడు. సంతకం పెట్టిన సంజీవరావూ తానేననుకున్నాడు.

“మీరు చెప్పారా మామయ్యా?” అని అడిగాను. “పేరు?”

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“ఆయన చెప్పేస్తాడేమోనని నేను చూశాను. నేను చెప్పేస్తానేమోనని ఆయన చూశాడు. చెబితే... ఇద్దరికీ ఏమీ మిగలదురా. ఇద్దరం నోరు మూసుకుని బయటికి వచ్చేశాం.”

ఇదంతా ఆయన పోయిన శనివారం వాళ్లింట్లో కూర్చుని చెప్పాడు. గోడ గడియారం తొమ్మిది కొట్టింది. టీవీలో కుర్ర నిపుణుడు ఏదో చెబుతున్నాడు. అత్తయ్య లేచి టీవీ కట్టేయబోయింది.

మామయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“ఉండనీ,” అన్నాడు. “సౌండు పెంచు.”

“చెవుడా ఏంటండీ మీకు, రోజూ ఇదే గోల?”

పెంచింది. అయినా చర్చలో యాంకరు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా మామయ్య తల ఎత్తి చూస్తున్నాడు... మిరపకాయ బస్తాలు పెట్టుకునే అటక వైపు.

నేనూ చూశాను. బస్తాల మీద నుంచి సన్నగా పొడి రాలుతోంది. మిరపపొడి అనుకున్నాను. వాసన మాత్రం పొగాకుది.